సున్నా డిగ్రీల దగ్గర పెట్టిన సంతకం

ల్యాబు కోటు కొత్తగా తొడుక్కున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ముందే ఒక మాట. నేను కొంచెం పెంచి చెప్తనని మా ఇంట్లోనూ, ఇస్నాపూర్ చౌరస్తా చాయ్ హోటల్లోనూ అందరికీ తెలుసు. వేలు చురుక్కుమంటే చెయ్యి బొగ్గయిందని చెప్తా. బస్సు పావుగంట ఆలస్యమైతే ఎదురుచూపుల్లో గడ్డం పెరిగిందని చెప్తా. కాబట్టి ఇందులో వచ్చే ఎండనూ, మా మేనేజరు మీసాన్నీ సగానికి తగ్గించుకుని చదవండి. చలి డిగ్రీలను మాత్రం తగ్గించకండి. ఆ పని ఒకసారి నేను చేసిన, దాని కథే ఇది.

యాభై నాలుగేండ్లకే రిటైరైన మనిషిని. పటాన్‌చెరు దాటినంక పారిశ్రామికవాడలో ఒక మూలకున్న టెస్టింగ్ ల్యాబులో నా నౌకరి ఉండేది. ఫ్యాక్టరీలవాళ్ళు ఇనుము తెస్తరు. మేము సాగదీస్తం, వంచుతం, విరగ్గొడతం, ఎట్ల విరిగిందో కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తం. ఆ సంతకం నాది. చిన్న సంతకమేం కాదు. మొదటి అక్షరం ఏనుగు తొండంలెక్క లేస్తే, చివరి గీత కాగితం దాటి టేబుల్ మీద కొంత దూరం ప్రయాణం చేసేది. ఆ గీత లేనిదే ఈ వాడలో ఏ ఇనుమూ గేటు దాటదని నా నమ్మకం.

మేము చేసే వాటిల్లో పగులు పరీక్ష ఒకటి. ఇనుము బెల్లం లాంటిది. మే నెలలో బెల్లం అచ్చును వంచితే మెల్లగ సాగుతది. అదే అచ్చును చలికాలం పొద్దున బండకేసి కొడితే పెళుక్కున రెండైతది. లావుపాటి పలకలను వెల్డింగు చేసిన చోట ఈ గుణం ఇంకా ఎక్కువ. సముద్రంలో నిలబెట్టే నూనెబావుల కట్టడాల్లో వెల్డింగు పక్కన వెంట్రుకంత పగులు ఎక్కడో ఒకచోట ఉండనే ఉంటదని ముందే ఒప్పుకోవాలె. ఉన్నా సరే, ఇనుము సాగి తట్టుకుంటదా, గాజు గ్లాసులెక్క పోతదా అన్నదే ప్రశ్న. అందుకని మేమే ఒక లావు కడ్డీకి పగులు పుట్టించి, చల్లటి స్పిరిటు తొట్టిలో ముంచి, ప్రెస్సు కింద వంచుతం. తెగేలోపల పగులు నోరు ఎంత తెరుచుకుందో కొలుస్తం.

ఎంత చల్లగ? ఆ భాగం నిలబడే చోట పడే గట్టి చలి ఎంతో, అంత చల్లగ. అంతకంటే వెచ్చగ చేసిన్రంటే మే నెల బెల్లానికి పరీక్ష పెట్టి చలికాలానికి సర్టిఫికెట్ ఇచ్చినట్టు.

ఇంత బాగా తెలిసిన మనిషి తప్పు ఎట్ల చేసిండని మీకు అనుమానం రావాలె. బాగా తెలుసు గనకనే చేసిండు.

మా వాడలోనే ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉండేది. యజమానిది సదాశివపేట వ్యాపారుల ఇల్లు. తాత, తండ్రి పప్పులూ మిర్చీ అమ్మితే, ఈయన ఇనుములోకి దిగిండు. అందరికీ సేటు. ఆ యేడు ఆయనకు ఉత్తరాది దేశమొకటి నుంచి పెద్ద పని వచ్చింది. సముద్రంలో కట్టే వేదిక మీద క్రేను కూర్చోవాలంటే కింద ఒక లావుపాటి ఉక్కు స్తంభం కావాలె, దాన్ని పెడస్టల్ అంటరు. మా వాటర్ ట్యాంకును పక్కన నిలబెడితే దాని పిల్లలాగ కనబడేటంత పెడస్టల్. దాని నడుము చుట్టూ ఒక వెల్డింగు. క్రేను బరువూ, క్రేను ఎత్తే బరువూ, పైన క్యాబిన్లో కూర్చునే మనిషీ, అంతా ఆ ఒక్క ఉంగరం మీదనే.

సేటు ఫోన్ చేసిండు. "సార్, పగులు పరీక్షకు టెంపరేచర్ ఎంత పెడ్తరు? పని ఇచ్చిన పార్టీ కాగితంల పనిచేసే చోటును బట్టి ఎంచుకోండి అని రాసిండ్రు."

"సున్నా పెట్టుండ్రి సేటూ. సముద్రం గడ్డకట్టుడు ఎప్పుడన్న చూసిండ్రా?"

"నేను సముద్రమే చూడలే సార్."

"నేను చూసిన. సున్నా చాలు, ఎక్కువే."

నేను సముద్రాన్ని చూసింది ఒక్కసారి, బస్సు కిటికీలోంచి, అదీ సగం నిద్రలో. కానీ అంతకుముందు మూడుసార్లు మన పడమటి సముద్రంలో నీళ్ళ అడుగున ఉండే ముక్కలకు సున్నా దగ్గరే పరీక్ష చేసినం. కంప్యూటర్లో పరీక్ష వివరాలుండే పాత జాబ్ కార్డు తెరువు, పేరు మార్చు, కొత్తదిగా దాచుకో. మా ల్యాబులో ఇది ఇంటి ఆచారం. ఎవరు మొదలుపెట్టిండ్రో ఎవరికీ తెల్వదు, అందరూ భక్తితో పాటించేవాళ్ళు. నేనయితే ఆ ఆచారానికి పూజారిని.

పెడస్టల్‌తో పాటే అదే తీరుగ వెల్డింగు చేసిన టెస్టు ప్లేటు నుంచి కోసిన మూడు కడ్డీలను సున్నా దగ్గర వంచినం. మూడూ పాస్. తొండం, గీత, సంతకం అయిపోయినయి. స్కాన్ కాపీ పార్టీకి పోయింది, వాళ్ళ ఇన్‌స్పెక్టరు సరేనన్నడు. ఒరిజినల్ నా సొరుగులో ఉంది. మంగళవారం సాయంత్రం అయిదింటికి పెడస్టల్ ట్రైలరు మీద ఓడరేవుకు బయలుదేరాలె.

ఆ మంగళవారం పొద్దున పదింటికి, ప్రెస్సు నడిపే మా ఆపరేటరమ్మ ఒక డ్రాయింగు పట్టుకుని నా టేబుల్ దగ్గరికొచ్చింది. పదకొండేండ్ల నుంచి నా దగ్గర పనిచేస్తున్న మనిషి. పటేల్‌గూడ నుంచి స్కూటీ మీద వస్తది. అవసరం లేనిదే మాట్లాడదు, అవసరమైతే ఆపదు.

"సార్, ఫైలు కట్ట కడ్తున్న. ఈ పెడస్టల్ నీళ్ళల్ల ఉండది గద."

"సముద్రంలో ఉంటది గదమ్మా."

"సముద్రంల ఉంటది. నీళ్ళల్ల ఉండది. చూడుండ్రి, నీళ్ళ గీత గీడ ఉన్నది. పెడస్టల్ గాడ ఉన్నది." ఆమె వేలు కాగితం మీద కింది నుంచి పైకి పోయింది. పోతనే ఉంది. "ఇంకో మాట సార్. గీ మూల చిన్న అక్షరాలల్ల రాసిండ్రు. గాలి, మైనస్ ఇరవై."

కండ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్ళా పెట్టుకున్న. మైనస్ ఇరవై అట్లనే ఉంది.

"సముద్రం గడ్డకట్టదమ్మా," అన్న.

"నీళ్ళు కట్టకపోవచ్చు సార్. గాలికి ఏం అడ్డమున్నది?"

నడి ఎండాకాలం, ఆ ఎండకు మా ల్యాబు రేకుల మీద అప్పడాలు వేస్తే వాటంతట అవే వేగి దిగొచ్చేవి. అటువంటి ఎండలో నాకు వెన్నులో చలి పుట్టింది. నేను పరీక్షించింది నీళ్ళ చలికి. ఆ ఇనుము నిలబడబోయేది గాలిలో. అక్కడ చలికాలంలో ఎవరో ఒక మనిషి క్యాబిన్ ఎక్కి క్రేనుతో బరువు లేపుతడు. ఆ చలిలో ఆ వెల్డింగు సాగుతదా, పెళుక్కుమంటదా, నాకు తెల్వదు. తెలుసని సంతకం పెట్టిన. ట్రైలరు ఒకసారి కదిలి ఓడ ఎక్కిందంటే పెడస్టల్‌ను వెనక్కి తెచ్చేవాడు లేడు.

"మూడు కడ్డీలు ఎక్కువ చేసి ఉంచినం గద?" అన్న.

"ఉన్నయి సార్. పగులు కూడా పెట్టి ఉన్నది. డ్రై ఐసు తెప్పించాలె, అంతే." డ్రాయింగు మడిచింది. "సేటుకు ఫోన్ చేస్తున్నరా?"

"ముందు చాయ్ తాగుదాం."

చాయ్ తాగినం. ఐసుకు మనిషిని పంపినం. ఆమె మళ్ళా అడిగింది. మేనేజరు సంగారెడ్డి కలెక్టరేట్ మీటింగుకు పోయిండు, ఆయన రానీ అన్న. మూడోసారి అడిగితే ఫోన్లో ఛార్జింగు లేదన్న. ఆ ఫోన్ నా చేతిలోనే వెలుగుతుంది. నా మనసులో ఉన్న దొంగ లెక్క మీకు చెప్పాలె. చడీచప్పుడు లేకుండ మైనస్ ఇరవై దగ్గర పరీక్ష చేస్త, మూడూ పాసైతయి, కొత్త కాగితం పాతదానికింద దోపుతా, నా పొరపాటు ఈ భూమ్మీద ఇద్దరికే తెలుస్తది, అందులో ఒకరు మాట్లాడని మనిషి.

పన్నెండు కాకముందే సేటు వచ్చి గుమ్మంలో నిలబడ్డడు. ఒరిజినల్ రిపోర్టు కోసం. వెనక ఆయన షెడ్డు వెల్డరు ఉన్నడు. అరవై దగ్గర్లో ఉంటడు, గడ్డం తెల్లగ, మోచేతుల దాకా నిప్పురవ్వల మచ్చలు. ఉస్తాద్ అంటే ఈ వాడంతటికీ ఆయనొక్కడే. పెడస్టల్ నడుము వెల్డింగు ఆయన చేతిదే.

"సార్, కాగితం ఇస్తే పోతం. ట్రైలరు డ్రైవరు పరేషాన్ చేస్తున్నడు," అన్నడు సేటు.

తొట్టి దగ్గర నుంచి ఆపరేటరమ్మ నన్నే చూస్తుంది.

చెప్పిన. కుర్చీలు వేయించి, మంచినీళ్ళు ఇప్పించి, ఇనుము పుట్టుక నుంచి మొదలుపెట్టి, బెల్లం మీదుగా, సముద్రం చుట్టూ తిరిగి, గాలి దగ్గరికి వచ్చేసరికి సేటు నుదుటి మీద గీతలు పడ్డయి.

"అంటే, తప్పు టెంపరేచర్ల చేసిండ్రా?"

"అవును."

"ఎవరు ఎంచిండ్రు ఆ టెంపరేచర్?"

"నేనే."

సేటు కుర్చీలో వెనక్కి వాలిండు. ఉస్తాద్ మాత్రం తొట్టి దిక్కు చూస్తున్నడు. "ఇప్పుడు చేస్తున్నరా సాబ్, సలికి?"

"చేస్తున్నం."

"అయితే కూసుంట," అని స్టూలు లాక్కున్నడు.

ఐసు వచ్చింది. తొట్టిలో స్పిరిటు పోసి, మొదటి కడ్డీ దించి, ఆపరేటరమ్మ ఐసు ముక్కలు ఒక్కొక్కటి వేసుడు మొదలుపెట్టింది. ఎక్కువ వేస్తే మైనస్ ముప్పైకి పోతది, తక్కువ వేస్తే పైకి లేస్తది. ఉష్ణోగ్రత చెప్పే తీగ కడ్డీనే అంటుకుని ఉండాలె, తొట్టి చల్లబడితే లాభం లేదు, కడ్డీ గుండె చల్లబడాలె. ముప్పావుగంట ఆమె కండ్లు అంకెల మీద నుంచి కదలలే. పాలపొంగును కాపలాకాసే మనిషి కూడా మధ్యలో ఒకసారి పక్కకు చూస్తది.

ప్రెస్సు దిగింది. కంప్యూటరు తెర మీద బరువు చూపే గీత ఎక్కింది, వంగింది, అలిసిన ఎద్దు లెక్క మెల్లగ పక్కకు ఒరిగింది. సాగింది. పాస్.

"నేను చెప్పలే?" అన్నడు సేటు. ఆయన ఏమీ చెప్పలే.

రెండోదానికి ఇంకో గంట. గీత మొదటిదాని అంత దూరం పోలే, కానీ పాసుకు కావలసిన గట్టు దాటింది. పాస్. సేటు లేచి నిలబడి వాచీ చూసుకున్నడు. రెండున్నర దాటింది. "ఇగ సాలు గద సార్. మూడింటిల రెండు వచ్చినయి. అరవై ఆరు మార్కులు. ముప్పై అయిదుకే పాసు చేసే దేశం మనది."

"ఇక్కడ మూడుకు మూడు రావాలె సేటూ."

"గంత కఠినంగ నా పెండ్లి సంబంధం కూడా చూడలే," అని మళ్ళా కూర్చున్నడు.

మూడో కడ్డీ దించినం. పెట్టెలో ఐసు అడుగుకు వచ్చింది. ఫ్యాను కూడా ఆపేసినం, స్పిరిటు వేడెక్కుతదని. నలుగురం చెమటలో నానుతున్నం, మధ్యలో ఒక ఇనుప ముక్క మాత్రం హాయిగ చలికాలంలో ఉంది. ఉస్తాద్ పెదవులు కదులుతున్నయి. దువా చేస్తున్నడో, తను వేసిన వెల్డింగు వరుసలు లెక్కపెడుతున్నడో అడగలే.

ప్రెస్సు దిగింది. గీత ఎక్కుతుంది.

ఇక్కడ నేను బాంబు పేలిందని రాయాలె. కిటికీలు పగిలినయని, పటాన్‌చెరు దాకా వినబడిందని రాయాలె. ఏం లేదు. టక్ అని చిన్న చప్పుడు. గోరు విరిగినంత. గీత ఎక్కడిదక్కడ తెగి, నిటారుగ కింద పడ్డది.



సేటు నా టేబుల్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించిండు. "సార్, ఒక్క మాట. మీ రిపోర్టుల అబద్ధమేమన్న ఉన్నదా? సున్నా దగ్గర చేసిండ్రు, పాసైంది, గదే రాసిండ్రు. అక్షరం అక్షరం సత్యం. పార్టీవాళ్ళు సదివి ఒప్పుకున్నరు. ఇప్పుడు చేసింది మీ సరదాకు చేసుకున్నరు. దీనికి జాబ్ కార్డు కూడా లేదు."

నిజం చెప్తున్న, ఆ మాట నాకు పరమాన్నంలెక్క అనిపించింది. ఆయన అన్నదాంట్లో వెతికినా తప్పు దొరకదు. సొరుగులో ఒరిజినల్ ఉంది. తీసి చేతిలో పెడితే నా పేరు నిలుస్తది, ఆయన పని నిలుస్తది. ఆ ఉంగరం ఒక్కటే నిలుస్తదో లేదో తెల్వదు. నా చెయ్యి సొరుగు పిడి మీదికి పోయింది కూడా.

"సాబ్, ఆ ముక్క జెర ఇటియ్యుండ్రి," అన్నడు ఉస్తాద్.

ఆపరేటరమ్మ గుడ్డతో తుడిచి, విరిగిన సగం ఇచ్చింది. ఆయన వెలుతురు దగ్గరికి పోయి, అద్దాలు నుదుటికి ఎక్కించి, అటు ఇటు తిప్పిండు. విరిగిన ముఖం మీద ఒక చోట చక్కెర పలుకులు పోసినట్టు మెరుస్తుంది. బొటనవేలితో అక్కడ తాకిండు.

"ఇది మీ సున్నా తప్పు కాదు సాబ్. నా చెయ్యి."

"నువ్వు ఊకో ఉస్తాద్," అన్నడు సేటు.

"ఊకుంటే మెరుసుడు ఆగుతదా సేట్? పైన మూడు సన్న వరుసలు ఎయ్యాలె. ఆ రోజు మీరు జల్దీ జల్దీ అన్నరు. నేను ఒక్కటే లావు వరుస ఏసిన. వేడి ఎక్కువైంది, లోపల ఇనుము గింజ లావైంది, లావైతే సలికి పెళుసు. టెస్టు ప్లేటుకు గట్లనే ఏసిన, పెడస్టల్‌కు గట్లనే ఏసిన." ముక్కను నా టేబుల్ మీద, సరిగ్గా సొరుగు పైన పెట్టిండు. "సున్నాకు దొరకలే. ఇరవైకి దొరికిన."

నేను వేలు ఎత్తి చూపియ్యడానికి మంచి మనిషి దొరికిండు. ఆయనే వచ్చి నిలబడ్డడు. కానీ అటువంటి తప్పు పట్టుకునేందుకే నన్ను అక్కడ కూర్చోబెట్టిండ్రు, నేను సున్నా పెట్టి దాన్ని వదిలేసిన. సొరుగు తెరిచి రిపోర్టు తీసిన. అడ్డంగా రెండు గీతలు కొట్టిన.

సేటు కండ్లు మూసుకున్నడు.

రిపోర్టు వాపసు తీసుకుంటున్నమని ఉత్తరం పార్టీకి అయిదింటిలోపల పోవాలె. మొదటి చిత్తు ఒక పేజీ రాసిన. 'అనివార్యమైన సాంకేతిక పరిస్థితుల ప్రభావమువలన' అని ఎత్తుకున్న. ఆపరేటరమ్మ చదివి, "ఏమైందో తెలుస్తలేదు సార్," అన్నది. రెండోది అరపేజీ. అందులో వాతావరణాన్నీ, పార్టీ రాసిన చిన్న అక్షరాలనూ నిందించిన. "గీ సిన్న అక్షరాలు నేను సదివిన గద సార్," అన్నది. మూడోది రాసిన. 'పరీక్ష ఉష్ణోగ్రతను నేను తప్పుగా ఎంచుకున్నాను. మైనస్ ఇరవై దగ్గర మూడింటిలో ఒకటి విఫలమైంది. పెడస్టల్‌ను తీసుకోవద్దు.' ఆమె చదివింది. పోయి పంపింది.

నేను జీవితంలో రాసిన అతి చిన్న ఉత్తరం అది. దాని కింద ఆ ఏనుగు తొండం పెడితే ఎబ్బెట్టుగ కనబడ్డది, మొత్తం పేరు మామూలుగ రాసిన.

నాలుగున్నరకు నేనూ పోయిన షెడ్డుకు. ట్రైలరు ఇంజను నడుస్తనే ఉంది. ఉస్తాద్ దాని మీదికెక్కి, పెడస్టల్ నడుము చుట్టూ సుద్దముక్కతో గీత గీస్తున్నడు, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా చెక్కి తీసెయ్యాలో. ఈ పక్క పని అయినంక ఆ పక్కకు పోవాలంటే దిగి, తిరిగి ఎక్కాలె. సేటు కింద నిలబడి చూసిండు. కొంచెంసేపటికి డ్రైవరు దిక్కు తిరిగి, "ఇంజను బంద్ చెయ్ బిడ్డా," అన్నడు. ఆ తర్వాత దిగొచ్చిన ఉస్తాద్‌కు చెయ్యి అందించి అవతలి పక్క ఎక్కించిండు.

మళ్ళా వెల్డింగు చేసి, కొత్త టెస్టు ప్లేటు చేసి, కడ్డీలు కోసి, పగులు పెట్టి మా దగ్గరికి వచ్చేసరికి నెల దాటింది. పార్టీ ఉగ్రరూపం చూపింది, ఓడ తప్పిపోయింది, సేటు నాతో చాలా రోజులు మాట్లాడలే. మైనస్ ఇరవై దగ్గర మూడింటికి మూడు సాగినయి. ఉస్తాద్ మూడూ అయ్యేదాక అదే స్టూలు మీద కూర్చుని, లేచి, సలాం చెప్పి పోయిండు.

ఆ రిపోర్టు మీద సంతకం నాది కాదు. మా మేనేజరు మీసం ఆ నెల కత్తిలెక్క నిలబడ్డది. ఆరునెలలు నేను ఏ కాగితం మీదా చెయ్యి పెట్టొద్దని ఆర్డరు ఇచ్చి, ఆ అధికారం ఆపరేటరమ్మకు ఇచ్చిండు. ఆమె సంతకం రెండే అక్షరాలు, గడి దాటదు. ఐసు ముక్కలు వేసే పని నాకొచ్చింది. ఎక్కువ వేస్తే తిట్లు, తక్కువ వేస్తే తిట్లు.

ఒకరోజు కొత్త జాబ్ కార్డు మీద ఆమె మైనస్ పది అని రాసింది. పాత కార్డు తెరిచి చూడలే. నేను ఊరుకోలేక, "మైనస్ పది ఎందుకమ్మా?" అని అడిగిన. ఆమె డ్రాయింగు తెచ్చి నా ముందర పరిచి, ఐసు పెట్టె మూత మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డది. నీళ్ళ గీత ఎక్కడుందో, ముక్క ఎక్కడుందో, గాలి ఎంత చల్లగుందో, మూలన ఉన్న చిన్న అక్షరాలతో సహా, ఇరవై ఏండ్ల అనుభవమున్న నేను వేలు పెట్టి చదివి అప్పజెప్పేదాక ఆ మూత తియ్యలే.